అరుగు మీది కోటీశ్వరులు

తణుకులో, గోస్తనీతీరమునకు అంత దూరము కాని ఒక పాతవీధిలో, ఉదయము ఏడుగంటల వేళ, ఎండ ఇంకను ఎదుటి అయిదంతస్తుల భవనమును దాటి క్రిందికి దిగక మునుపే, ఒక వృద్ధుడు వీధి అరుగుమీద పడకకుర్చీ వాల్చుకొని, వార్తాపత్రికను మడత విప్పకయే ఒడిలో పెట్టుకొని, వచ్చిపోవువారిని పలుకరించుచు కూర్చుండును. ఆయన కట్టుకొన్నది అంచు వెలసిన పంచె. ఆయన నెలసరి రాబడి, భవిష్యనిధి పింఛనును కుమారుడు అప్పుడప్పుడు పంపు పైకమును కలిపి చూచినను, ఆ ఎదుటి భవనములో ఒక వాటా అద్దెకు చాలదు. కాని ఆయన కూర్చున్న ఆ అరుగును, దాని వెనుకనున్న పెంకుటింటిని, పెరటిలో పూడిపోయిన నూతిని, నూతిప్రక్కనున్న కరివేపచెట్టును కలిపి లెక్కకట్టినచో, ఊరి దళారులు చెప్పు వెలనుబట్టి ఆయన కోటీశ్వరుడు. ఈ సంగతి ఆయనకు తెలియును. ఊరికి అంతకంటె బాగుగా తెలియును.

ఇచట ఒక మనవి. నేను బాబాయిగారని పిలుచు ఈ పెద్దమనిషి ఒక్కరు కారు. తణుకులోను, చుట్టుప్రక్కల ఊళ్ళలోను ఇటువంటి అరుగులమీద వినవచ్చు మాటలను పోగుచేసి ఒక్కరి నోట పెట్టితిని. ఆయన ఇంటి కొలతయు, నాటి క్రయమును, నేటి వెలయు లెక్క తేలికగా నడచుటకై నేను కల్పించుకొన్నవి. తక్కిన ధరలు, చట్టములు, సంవత్సరములు మాత్రము నిజములు.

ఈ ఇండ్లు ఎట్లు పుట్టినవో చెప్పనిదే వీని వెల కథ బోధపడదు. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట ఈ గడ్డకు కాలువనీటి నిచ్చిన పిమ్మట, దాదాపు నూరేండ్లవరకు ఇచట విలువగల భూమి యనగా మాగాణియే. ఇల్లు అనునది ధాన్యము దాచుటకును, పెండ్లిపందిరి వేయుటకును, ముసలితనమున కన్నుమూయుటకును కావలసిన చోటు. దానికి ఒక వెల కట్టి చూచుకొనువారు అరుదు. "ఇల్లు అమ్ముకున్నాడట" అన్నమాట ఆ దినములలో ఒక కుటుంబము చితికిపోయినదనుటకు మారుమాట. 1947లో ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాదుగారు ఆంధ్రా షుగర్సును నెలకొల్పిన తరువాత ఊరి స్వరూపము మారజొచ్చెను. చెరకు బండ్లవెంట గుమాస్తాలు వచ్చిరి, ఫిట్టర్లు వచ్చిరి. బియ్యపు మిల్లులవెంట లారీలు, లారీలవెంట వాని మరమ్మతు దుకాణములు, వారందరి బిడ్డలకు చదువు చెప్పుటకు పంతుళ్ళు వచ్చిరి. వీరెవ్వరికిని ఇచట పొలము లేదు. పొలము లేనివాడు ఊరిలో నిలువవలెనన్న కావలసినది ఇల్లు. ఆ కారణముచేత, కవి తిలక్ 1966లో గతించునాటికే ఆయన నడిచిన తణుకు వీధుల చివర పంటచేలు మెరకయై, ముగ్గుపిండితో గీతలు గీసిన నివేశనస్థలములుగా మారుట మొదలైయుండెను.

మా బాబాయిగారు ప్రయివేటు మిల్లులో గుమాస్తా. 1975లో 250 గజముల స్థలము కొనిరి. బ్యాంకు అప్పా? గృహనిర్మాణమునకు అప్పులిచ్చుటయే వృత్తిగా పెట్టుకొన్న హెచ్.డి.ఎఫ్.సి. బొంబాయిలో పుట్టినది 1977లో. దాని గాలి ఈ ఊరివరకు వీచుటకు ఇంకను ఎన్నియో ఏండ్లు పట్టినది. "అప్పుడు బ్యాంకోడు మనకి అప్పివ్వడమేంటి అబ్బాయ్, ఆ గుమ్మం ఎక్కడానికే జంకేవాళ్ళం. చీటీ పాడాను. మీ పిన్ని కాసులపేరు అమ్మాను. కలప రాజమండ్రి అడితీలో బేరమాడి లారీ మీద నేనే కూర్చుని తెచ్చాను," అని ఆయన చెప్పుచుండగా, లోపలినుండి పిన్నిగారు, "కాసులపేరు మళ్ళీ చేయిస్తానన్నారు, అది కూడా చెప్పండి," అని అందించుట మామూలు. సిమెంటునకు ఆ దినములలో పర్మిట్టు కావలసియుండెను; 1982లో కొంతవరకు, 1989లో పూర్తిగా ఆ నియంత్రణ తొలగినది. అందుచేత ఆ తరమువారి ఇండ్లలో పునాదికి గానుగసున్నము, నేలకు నల్లగచ్చు, పైకి మంగళూరు పెంకు. ఒక్కొక్క గది ఒక్కొక్క ఏట లేచినది. వంటిల్లు ముందు, పడకగది మూడేండ్లకు, వీధి అరుగు అన్నిటికంటె కడపట. ఇల్లు కట్టి చూడు మన్న సామెతను ఆ తరమువారు సామెతగా కాక దినచర్యగా ఎరుగుదురు.

ఇక లెక్క. గజము 50 రూపాయల వంతున 250 గజములకు నాడు పెట్టినది 12,500 రూపాయలనుకొందము. నేడు గజము 40,000 పలికినచో అదియే కోటి. అనగా ఏబదియేండ్లలో ఎనిమిది వందల రెట్లు. ఏటేట నూటికి ఇంచుమించు పదునాలుగు వంతున చక్రవడ్డీ పారిన చందము. బంగారముతో పోల్చి చూతము. 1975లో పది గ్రాముల బంగారము సుమారు 540 రూపాయలు. 2025లో లక్ష దాటినది. నాడు ఆ పండ్రెండువేల ఐదువందలకు కొని దాచిన బంగారము ఆ లక్ష ధరకు ఇరువదిమూడు లక్షలై యుండెడిది. కాని ఈ సీమలో బంగారముకంటె నికరమైన కొలబద్ద ధాన్యము. 1975–76లో ప్రభుత్వపు కొనుగోలు ధర క్వింటాలు సాధారణరకము వడ్లకు 74 రూపాయలు, 2025–26లో 2,369. అనగా నాటి క్రయద్రవ్యము డెబ్బదియైదు కిలోల బస్తాలలో 225 బస్తాలు. నేటి వెల 5,600 బస్తాలకు పైమాట. నాడు ఒక మోతుబరి పంటలో ఒక భాగముతో కొనగలిగిన స్థలమును నేడు కొనవలెనన్నచో ఊరు ఊరంతయు కోతలు కోసి కుప్పలు నూర్చవలసి వచ్చును. అన్నము పెట్టు పదార్థము ముప్పదిరెండు రెట్లు పెరుగగా, ఆ అన్నము తిని పండుకొను చోటు ఎనిమిది వందల రెట్లు పెరుగుట, నా కల్పితాంకెలను సగమునకు తగ్గించుకొని చూచినను, చిన్న వింత కాదు.

ఈ పెరుగుదలకు కారణము ఒక్కటి కాదు. 1980ల చివరనుండి భీమవరము, ఉండి, ఆకివీడు ప్రాంతముల చేలు చేపల, రొయ్యల చెరువులై, వరిమీద రాని రొక్కము వచ్చినది. ఆ రొక్కము పట్టణములలో స్థలములు వెదకినది. గృహరుణములు వచ్చి, ఇరువదియేండ్ల భవిష్యద్వేతనమును ఒక్క దినమున అమ్మకందారు చేతిలో పోయుట నేర్పినవి. సాఫ్టువేరు ఉద్యోగములతో అమెరికాకు పోయిన కుమారులు మొదటి డాలర్లను పంపినది సొంత ఊరి స్థలమునకే. చెన్నై–కోల్కత రహదారి నాలుగు వరుసలైనది. 2014లో రాష్ట్రము విడిపోయి, హైదరాబాదు మనది కాకపోయిన తరువాత, కృష్ణకు ఈవల నున్న ప్రతి ఊరును తానొక రాజధానికి దారిలో నున్నదనుకొన్నది. వీనిలో ఏ ఒక్కదానిని మా బాబాయిగారు చేయలేదు. ఆయన చేసినదల్లా కదలక కూర్చుండుట. యజమాని శ్రమ లేకయే భూమికి కలుగు ఇట్టి వృద్ధిని గూర్చి జాన్ స్టూవర్ట్ మిల్ పందొమ్మిదవ శతాబ్దముననే ప్రశ్నించి, అందులో సమాజమునకు భాగముండవలెనని వాదించెను. హెన్రీ జార్జి 1879లో ఆ వాదమునకే ఒక మహాగ్రంథము వ్రాసెను. వారి మాటలో న్యాయము లేకపోలేదు. కర్మాగారమును, కాలువను, రైలును, రహదారిని నిలిపినవారు వేరు, వాని ఫలమును దస్తావేజులో పొందినవాడు వేరు. 1975లో చీటీ పాడలేక అద్దెకొంపలో నిలిచిపోయిన తోటి గుమాస్తా నేటికిని అద్దెకొంపలోనే యున్నాడు, అతని కుమారునికి ఈ వీధిలో గజము కొను ఆశయు లేదు. ఈ అన్యాయమును మరచి వృద్ధ గృహస్థులమీద జాలి కురిపించుట నాకు సమ్మతము కాదు. అయినను ఆ ఫలము ఈ ముసలివానికి అందినదా యన్నది వేరు ప్రశ్న. నా వ్యాసము దానినిగూర్చి.

ముందుగా ఇల్లును చూడుడు. వెల పెరిగినది, ఇల్లు మాత్రము దిగినది. ఇది అలంకారము కాదు. మునిసిపాలిటీవారు రోడ్డు వేసినప్పుడెల్లను పాతరోడ్డు మీదనే కొత్తరోడ్డు వేయుదురు. ఒకనాడు మూడు మెట్లెక్కి చేరవలసిన అరుగు నేడు వీధికి ఒక్క మెట్టు దిగువనున్నది. గట్టివాన కురిసిన రాత్రి పిన్నిగారు గుమ్మమునకు అడ్డముగా ఇసుకమూటలు పేర్చి, చీపురు పట్టుకొని మేలుకొనియుందురు. ఇరువైపుల లేచిన భవనములు గాలిని వెలుతురును తినివేసినవి. పెంకులు నేయు పనివారు దొరకరు. ఇంతటి ఇంటిని దళారి ఎట్లు లెక్కకట్టునో వినుడు: "స్థలానికే అండి రేటు. ఇంటికేం ఉంటుందండి, తలుపులు, దూలాలు పాత టేకు కాబట్టి కూలగొట్టే ఖర్చుకి సరిపోద్ది." కాసులపేరు అమ్మి కట్టిన నాలుగు గదులు లెక్కలో సున్న. జపానులో ఇల్లు పాతబడిన కొలది వెల తరిగి, కొన్ని దశాబ్దులకు నేలకు మాత్రమే ధర నిలుచునందురు. ఆ దేశమున పల్లెలు ఖాళీయై, 2023 నాటి గణనలో తొంబది లక్షల ఇండ్లు దీపము పెట్టు దిక్కులేక తేలినవి. అచట మనుష్యులు లేక వెల పడిపోయినది. ఇచట మనుష్యులు దూరమైనను వెల పెరుగుచున్నది. దీపము పెట్టు దిక్కు విషయమున మాత్రము రెండు తావులకు క్రమముగా పోలిక వచ్చుచున్నది.

విలువ అనునది చేతికి రాకమునుపే పన్నురూపమున గుమ్మమెక్కినది. పూర్వము మన మునిసిపాలిటీలలో ఇంటిపన్ను, ఆ ఇల్లు అద్దెకిచ్చినచో ఏడాదికి ఎంత వచ్చునన్న అంచనామీద వేసెడివారు. 2020లో చట్టము సవరించి, 2021 ఏప్రిలు 1 నుండి ఇంటి మూలధనపు విలువనే, అనగా రిజిస్ట్రేషను శాఖ వ్రాసికొన్న విలువనే, ఆధారముగా పెట్టినారు. నివాసగృహములకు ఆ విలువమీద నూటికి పది పైసలు మొదలు ఏబది పైసలవరకు. ఒక్కసారి మీదపడకుండ, ఏ యేటికాయేడు పెంపుదల నూటికి పదునైదు మించరాదని కట్టడి చేసినారు. ఇది కరుణ యనవచ్చును. కాని నూటికి పదునైదు వంతున ఏటేట పెరిగినది అయిదేండ్లలో రెట్టింపగునని బాబాయిగారి వంటి పాతగుమాస్తాలకు ఎవ్వరును చెప్పనక్కరలేదు. పైగా ఆ రిజిస్ట్రేషను విలువలును ఒకచోట నిలువవు. 2025 ఫిబ్రవరి 1నాడు రాష్ట్రమున మరల సవరించిరి. ఈ చిక్కునే కాలిఫోర్నియావారు 1978 జూనులో ఓటుపెట్టి తెంచుకొనిరి: కొన్ననాటి వెలమీదనే పన్ను, ఏటికి నూటికి రెండు మించి పెరుగరాదు. అచటి ముసలివారు నిశ్చింతగా ఇండ్లలో నిలిచిరి. కాని ప్రక్కయింటిని నిన్న కొన్న పడుచుదంపతులు, అదే కొలత, అదే వీధి, అనేకరెట్లు పన్ను కట్టుచున్నారు. నాకైతే ఆ విధానమును మనము దిగుమతి చేసికొనుట ఇష్టము లేదు. డెబ్బదియేండ్లు దాటి, తానున్న ఒక్క ఇల్లు తప్ప వేరాస్తి లేనివానికి, పెరిగిన పన్నును ఆ ఇంటిమీద వ్రాసియుంచి, చేతులు మారిననాడు రాబట్టుకొనుట మన మునిసిపాలిటీలకు అసాధ్యమైన పని కాదు.

పింఛనుల సంగతి ఇంకను విచిత్రము. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకము క్రింద ప్రయివేటు ఉద్యోగికి వచ్చు కనీసపు మొత్తము 2014 సెప్టెంబరు నుండి నెలకు 1,000 రూపాయలు. రాష్ట్రప్రభుత్వము నిరుపేద వృద్ధులకిచ్చు పింఛను 2024 జులై నుండి 4,000. ఈ రెండవదానికి ఇటీవలి యేండ్లలో పెట్టిన అర్హతానిబంధనలలో ఒకటి, పట్టణమున వేయి చదరపుటడుగులకు మించిన కట్టడము కుటుంబమునకు ఉండరాదని. నిబంధన వ్రాసినవారి తలంపున నున్నది మేడలు గలవాడు. దానికి చిక్కినది, మగనికాలమున కట్టిన పెంకుటింటిలో ఒక్కగదిలో దీపము వెలిగించుకొని, తక్కిన గదులకు తాళము వేసికొన్న ముసలమ్మ. ఆమె ఇల్లు పెద్దది. ఆ మాట నిజమే. ఆ ఇంటిగోడను గిల్లి రెండు రూపాయలు తెచ్చు ఉపాయము మాత్రము ఎవ్వరును చెప్పలేదు.

మరి అమ్మరాదా? ఈ ప్రశ్న వేయని దళారి లేడు, వేయని బంధువు లేడు. అమ్మినచో మొదట ఆదాయపుపన్ను. 2001 ఏప్రిలు 1 నాటి విలువను మూలముగా తీసికొనవచ్చును. కాని అదియు నాటి రిజిస్ట్రేషను విలువను మించరాదు. ఆ దినములలో మన ఊళ్ళ రిజిస్ట్రేషను విలువలు ఎంత పొదుపుగా వ్రాయబడెడివో అందరెరిగినదే. 2001లో నూరుగా పెట్టిన ధరలసూచిక 2025–26కు 376. అనగా ప్రభుత్వపు లెక్కలో ఈ ఇరువదినాలుగేండ్లలో రూపాయి మూడున్నర రెట్లకు కొంచెము మించి పలుచబడినది. 2024 జులై 23 తరువాతి పద్ధతిలో ఆ సూచిక లేకుండ నూటికి పండ్రెండున్నర కట్టుటయో, అంతకుముందు కొన్న ఆస్తికి సూచికతో ఇరువది కట్టుటయో, ఏది తక్కువైన నది. పన్ను తప్పవలెనన్నచో ఆ లాభముతో రెండేండ్లలో మరియొక ఇల్లు కొనవలెను, లేక మూడేండ్లలో కట్టవలెను. తిరిగి కొనవలసినది ఈ ఊరిలోనే. ఈ ఊరి ధరకే. కోటికి అమ్మి కోటికి కొన్నవానికి మిగులునది ఆయాసము, దస్తావేజు ఖర్చులు. దూరపు లేఅవుటులో చవుకగా దొరకును, అచట డాక్టరు లేడు, గుడి లేదు, "ఏవండీ బాబాయిగారూ, కాఫీ అయ్యిందా?" అని అడుగువాడు లేడు.

డెవలప్‌మెంటుకిచ్చుట యనునది మరియొక దారి. స్థలము బిల్డరున కిచ్చి, లేచిన వాటాలలో సగము తీసికొనుట. లెక్కకు ఇది అన్నిటికంటె మేలు. మా వీధిలో ఎదుటి భవనము అట్లు లేచినదే. కాని కట్టడము ముగియువరకు రెండేండ్లో మూడేండ్లో అద్దెయింటిలో నుండవలెను. ఇచట బాబాయిగారు గొంతు తగ్గించి చెప్పిన మాటను ఏ లెక్కలపుస్తకమునందును నేను చూడలేదు. "ఎనభై రెండొచ్చాయి అబ్బాయ్. ఆ రెండేళ్లలో నేనో మీ పిన్నో పోతే? అద్దింటోడు శవాన్ని గుమ్మంలో పెట్టనిస్తాడా?" మన సీమలో పలువురు ఇంటియజమానులు అద్దెకున్నవారి చావు తమ ఇంట జరుగుటకు ఒప్పుకొనరు, మైలయని, శాంతులు చేయించవలెనని, మరల అద్దెకు ఎవ్వరును రారని. ప్రాణము మీదికి వచ్చినవారిని రాత్రికి రాత్రి ఎచటికి చేర్చవలెనో తెలియక సంసారములు వీధిన పడిన కథలు ఊరూర గలవు. మా బాబాయిగారు ఏబదియేండ్ల క్రిందట చీటీ పాడి, కాసులపేరు అమ్మి కొన్నది ఏమని అడిగినచో, గజముల లెక్క తరువాతిది. మొదట కొన్నది తన అరుగుమీదనుండి తాను లేచిపోవు హక్కు. దానికి సబ్‌రిజిస్ట్రారు కచేరీలో విలువ కట్టు పట్టిక లేదు.

బిడ్డలున్నారు. కుమారుడు డల్లాసులో, కుమార్తె హైదరాబాదులో. అమ్మకము మాట వచ్చినప్పుడెల్ల కొనుగోలుదారు అడుగునది వీరిద్దరి సంతకములు. స్వార్జితమైన ఇంటికి బిడ్డల సమ్మతి చట్టరీత్యా అక్కరలేదు. అయినను రేపు వ్యాజ్యము రాకుండ అడుగుట రివాజు. ఆడపిల్ల సంతకము అడుగు అలవాటునకు ఈ రాష్ట్రమున ప్రత్యేకమైన చరిత్ర గలదు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకును కుమారునితో సమముగా పుట్టుకతో హక్కు నిచ్చుచు నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలైనది. దేశమంతటికి ఆ మాట వచ్చినది 2005లో, ఇరువదియేండ్లు వెనుక. కుమార్తెలకు హక్కు వచ్చినది, మంచిది. కాని ఇంటి వెల వేలలో నున్నంతకాలము "తమ్ముడే ఉంచుకోనీ" అన్న అక్క, వెల కోటికెక్కిన తరువాత ఆ మాట అనగలదా? అనవలసిన పనియు లేదు. పన్నెండువేల ఇల్లు అన్నదమ్ములను కలిపియుంచినది. కోటి రూపాయల ఇల్లు పండుగకు వచ్చినవారిచే భోజనముల దగ్గర గజములు లెక్కపెట్టించుచున్నది. పిన్నిగారు దీనిని ఒక్క ముక్కలో చెప్పిరి: "ఇదివరకు ఫోనులో ఒంట్లో ఎలా ఉందని అడిగేవారు. ఇప్పుడు కాగితాలన్నీ ఉన్నాయా అని అడుగుతున్నారు."

ఇల్లు విడువకుండ ఇంటివిలువను కొంచెము కొంచెముగా తినుటకు ఒక ఉపాయము లేకపోలేదు. 2007–08 బడ్జెటులో చిదంబరముగారు ప్రస్తావింపగా జాతీయ గృహనిర్మాణ బ్యాంకు రూపొందించిన రివర్స్ మార్టుగేజి పథకమున, అరువది దాటినవారు తమ ఇల్లు బ్యాంకునకు హామీ పెట్టి, నెలనెల పైకము పొందుచు, బ్రతికినన్నాళ్ళు ఆ ఇంటనే యుండవచ్చును. వారి అనంతరము వారసులు అప్పు తీర్చి ఇల్లు విడిపించుకొనవచ్చును, లేదా బ్యాంకు అమ్మి తన బాకీ పోగా మిగిలినది వారి కీయవచ్చును. ఆ పైకమునకు ఆదాయపుపన్ను లేదు. కాగితముమీద ఇంత చక్కని ఏర్పాటు మన దేశమున నాటుకొనకపోయినది. బ్యాంకులు ఉత్సాహము చూపలేదు, ఇచ్చు మొత్తము చిన్నది, గడువు పరిమితము, ఇవన్నియు కారణములే. నా దృష్టిలో అసలు కారణము ఒక మాటలోనున్నది. మార్టుగేజి యనగా తాకట్టు. గోదావరి మండలమున ఇల్లు తాకట్టు పెట్టుటయనగా జూదమో, వ్యాజ్యమో, కూతురి కట్నమో. ఇల్లు తాకట్టు విడిపించి చచ్చిపోవుట పురుషార్థము, పెట్టి చచ్చిపోవుట అపకీర్తి. "నా పిల్లల నెత్తిన తాకట్టు పెట్టి పోతానా?" అని బాబాయిగారు అన్న తీరులో చర్చకు తావు లేదు. ఆ పథకమునకు నామకరణము చేసినవారు ఒక పంచాంగకర్తను సంప్రదించి యుండవలసినది.

కడపట మిగులునది బిడ్డల పేర సెటిల్‌మెంటు దస్తావేజు. ఇది మన పట్టణములలో దినదినము వ్రాయబడుచున్నది. ఇందులోనే వృద్ధులు ఎక్కువగా దెబ్బతినుచున్నారు. రివర్స్ మార్టుగేజి వచ్చిన ఆ 2007లోనే పార్లమెంటు తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణసంక్షేమ చట్టమును చేసినది. దాని 23వ విభాగము ప్రకారము, తనను చూచుకొనవలెనను షరతుతో ఆస్తి వ్రాసియిచ్చిన వృద్ధుని ఆ పుచ్చుకొన్నవాడు చూడకపోయినచో, ఆ దస్తావేజును ట్రిబ్యునలు రద్దు చేయవచ్చును. కోర్టు మెట్లెక్కి ఏండ్లు గడపనక్కరలేదు. చిక్కు షరతు అను మాటలోనున్నది. ప్రేమతో వ్రాసితిని అని మాత్రమే యున్న దస్తావేజులో షరతు ఎచటనున్నది? షరతు స్పష్టముగా రుజువు కావలెనని సుప్రీముకోర్టు 2022 డిసెంబరులో అన్నది. 2025 జనవరి 2న మధ్యప్రదేశపు ఒక తల్లి వ్యాజ్యములో, ఈ చట్టము వృద్ధుల మేలుకై పుట్టినది గనుక ఉదారముగా అర్థము చెప్పవలెనని, కుమారునికిచ్చిన ఇంటిని ఆమెకు తిరిగి ఇప్పించినది. న్యాయమూర్తుల ఔదార్యము మంచిదే. దానిమీద ఆధారపడుటకంటె దస్తావేజులేఖరిచేత రెండు వాక్యములు ఎక్కువ వ్రాయించుకొనుట తేలిక: నా జీవితకాలమును, నా భార్య జీవితకాలమును ఈ ఇంట నివసించి అనుభవించు హక్కు మాకే యుండుననియు, మమ్ము పోషించు షరతుమీదనే ఇది వ్రాసియిచ్చితిననియు. ఈ వాక్యములు పెట్టించుటకు తండ్రులు సిగ్గుపడుచున్నారు. కుమారునిమీద నమ్మకము లేనట్లు కనబడునేమోనని. బాబాయిగారును మొదట సిగ్గుపడిరి. పిన్నిగారు పడలేదు. "సొంత కొడుకైతే మాత్రం, రాస్తే పోయేదేముంది? మంచివాడైతే ఆ మాట అక్కడ పడుంటుంది," అని కాఫీ గ్లాసు ఆయన చేతిలో పెట్టి లోనికి పోయిరి. ఆ సాయంకాలము ఆయన ఫోను చేసినది లేఖరికి. వ్రాతప్రతి ఇంకను లేఖరి బల్లమీదనే యున్నది. కుమారుడు సంక్రాంతికి వచ్చునని వాయిదా వేసిరి.

ఈ యేడు బాబాయిగారు ఏప్రిలు ముప్పదవ తేదీకి నాలుగుదినములు ముందుగనే, ఎండ ముదరక మునుపు, గొడుగు వేసికొని మునిసిపలు కార్యాలయమునకు నడచిపోయి, వరుసలో నిలిచి, ఏడాది ఇంటిపన్ను ఒక్కసారిగా కట్టి, ముందుకట్టినవారికిచ్చు నూటికి అయిదు రూపాయల తగ్గింపును పొంది, రసీదును మడిచి జేబులో పెట్టుకొని తిరిగి వచ్చిరి.